ఛత్తాబజార్‌ల బట్ట బ్యానర్లు, సంచుల ప్రింటింగ్: ఫ్లెక్స్ వద్దనుకునేటోళ్ళు ఒకసారి పోండి

ఛత్తాబజార్‌ల పెండ్లి కార్డుల షాపుల నడుమ ఒక సందుంటది, దాంట్ల లోపలికి పోతే చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు, బోర్డు కూడ సరిగ కనవడదు, మేమైతే చాచా షాపు అంటం. పోయిన నెల అక్కడ 200 బట్ట సంచులు, రెండు బ్యానర్లు కొట్టించినం. పని మస్తు నచ్చింది.

ఎందుకు కొట్టించినమంటే, మా ఫ్రెండు వాళ్ళ ఊరి కాడ ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ తుక్కంత చెరువు కట్ట పక్కకు పోస్తున్నదని గేటు ముందు కూసున్న ఆరుగురి మీద కేసయింది. గొడవ చెయ్యలే, రాయెత్తలే, చెరువుల తేలిన ప్లాస్టిక్ గింజలు (ప్లాస్టిక్ సామాన్లు చేసేటందుకు కరిగించే ముడిసరుకు) సీసాల పట్టుకొచ్చి చూపించిండ్రు అంతే. రెండేండ్ల సంది వాయిదాలకు తిరుగుతున్నరు, పోయిన రోజల్లా కూలి పోతది, బస్సు ఛార్జీలు, వకీలు ఖర్చు వేరే. సంచులమ్మి ఆ పైసలు వాళ్ళకిద్దామని, ఒక ఆదివారం మీటింగ్ కూడ పెడదామని అనుకున్నం.

ఫస్టు అలవాటు కొద్ది ఫ్లెక్స్ షాపుకే పోయినం. రేటు మాట్లాడుతుంటే మాతోటొచ్చిన చెల్లె "అక్కా, ఫ్లెక్స్ అంటే పీవీసీ కదా, అదీ ప్లాస్టికే" అన్నది. నాకు నోట మాట రాలే, అక్కడ్నుంచి అట్లనే బయటికొచ్చినం. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల (మిల్లీమీటరుల పదో వంతు) కంటె పల్చటి పీవీసీ బ్యానర్లు బందే గని, మన చౌరస్తాలల్ల కట్టే ఫ్లెక్సులు దానికంటె మందముంటయ్, అందుకే ఇంక నడుస్తున్నయ్. సంచులది కూడ ఇదే కథ, స్వీట్ షాపులల్ల బట్టలెక్క మెత్తగ ఇచ్చే నాన్ వోవెన్ సంచులు బట్ట కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్.

చాచా దగ్గర నాకు నచ్చింది ఏందంటే అడగకముందే చూపిస్తడు. మేం తెచ్చిన గుడ్డల్లకెళ్ళి ఒక్క దారం గుంజి అగ్గిపుల్ల అంటించిండు, కాయితం కాలిన వాసనొచ్చి బూడిదయితే నూలు, కరిగి గట్టి ఉండ కట్టిందంటే దాంట్ల పాలిస్టర్ ఉన్నట్టు. మాది మిక్సింగ్ అని తేలింది! ఇగ ఆయన దగ్గరి కోరా కాటనే తీసుకున్నం. రంగు గురించి కూడ, టీషర్టుల మీద మెరిసే ప్లాస్టిసాల్ ఇంకు పీవీసీతోటే చేస్తరు, అది వద్దు, నీళ్ళల్ల కలిసే పిగ్మెంట్ వేస్తనన్నడు. మెరుపు తక్కువ గని బట్ట ఊపిరాడుతది, నేను ఇప్పటికి నాలుగు సార్లు ఉతికిన, రంగు పోలే.

బొమ్మ మాత్రం చాచా వల్లనే మంచిగొచ్చింది. అమెరికాల లూసియానాల ఇద్దరు ఆడోళ్ళ కథ బొమ్మగ వెయ్యాలని మా ఆలోచన. టెక్సస్‌ల ఫార్మోసా ప్లాస్టిక్ కంపెనీ నుంచి నీళ్ళల్ల కలిసిన ప్లాస్టిక్ గింజల్ని డయాన్ విల్సన్ అని రొయ్యలు పట్టే ఆమె, ఇంక వేరేటోళ్ళు ఏండ్లకేండ్లు ఏరి కోర్టుల పెట్టిండ్రు, 2019ల కంపెనీ 5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నది. అవే గింజలు ఒక డబ్బాల పోసి, లూసియానాల చమురు, గ్యాస్ కంపెనీల తరఫున పనిచేసే ఒకాయన ఇంటి ముందు పెట్టినందుకు 2020ల ఆన్ రోల్ఫ్స్, కేట్ మెకింతోష్‌లను అరెస్టు చేసిండ్రు, బెదిరించిండ్రని కేసు, 15 ఏండ్ల దాక జైలు పడే సెక్షన్. తర్వాత ఆ కేసు నిలవలే గని అప్పటిదాక వాళ్ళు ఎట్ల నిద్రపోయిండ్రో. ఇదంత చెప్తే చాచా స్క్వీజీ (స్క్రీన్ మీద రంగు గుంజే పట్టీ) పక్కకు పెట్టి "డబ్బాకు పదిహేనేండ్లా బేటా?" అన్నడు. మేం డబ్బా పెద్దగ గీసుకపోయినం, ఆయనేమో "గింజ అసల్ ఎంతుంటదో అంతే వెయ్యి, కందిపప్పంత, చూసినోడు వేలు పెట్టి తడమాలె" అన్నడు. సంచి మీద అట్లనే చేసినం. మీటింగ్‌ల ప్రతి ఒక్కళ్ళు నిజంగనే వేలు పెట్టి చూసిండ్రు.

లోపాలు కూడ చెప్పాలె. గురువారం ఇస్తనని శనివారం రాత్రి ఇచ్చిండు, మాకు ఆదివారం పొద్దున్నే మీటింగ్, ఆ రెండు రోజులు నా ప్రాణం పోయింది. చిన్నక్షరాలల్ల వత్తులు మూసుకపోయినయ్, "కాలుష్యం"ల యవత్తు ముద్దయింది, తొమ్మిది సంచులు మళ్ళ కొట్టిచ్చిండు, పైసలు తీసుకోలే. తెలుగు రాయిస్తే అక్షరం కొంచెం పెద్దగనే పెట్టుకోండి.

సంచికి 70 రూపాయలు పడ్డది, స్క్రీన్ తయారికి 400 వేరే. బ్యానర్ ఫ్లెక్స్ కంటె మూడింతలయింది, గని మడిచి బీరువాల పెట్టినం, వచ్చే వాయిదా రోజు మళ్ళ అదే కడుతం. బండి మీద పోకండి, పెట్టనీకె జాగ లేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైముల షాపు మూసుంటది, నాలుగు దాటినంక పోండి.