బానెట్ పిన్ స్విచ్: అలారానికి చాలు, లాక్‌లోని స్విచ్‌కి బదులు మాత్రం వద్దు

కారు అలారం కిట్లలో వచ్చే, విడిగానూ దొరికే యూనివర్సల్ బానెట్ పిన్ స్విచ్ ఇది. లోపల ఒక స్ప్రింగు, ప్లంజర్, కాంటాక్టు, అంతే. బానెట్ ఎత్తగానే స్ప్రింగు ప్లంజర్‌ని పైకి తోస్తుంది, కాంటాక్టు కలిసి అలారం వైరుకి ఎర్త్ (బ్యాటరీ నెగటివ్) అందుతుంది. మూస్తే ప్లంజర్ దిగి కాంటాక్టు విడిపోతుంది. వైరు ఒకటే, రెండోది కారు బాడీయే. అందుకే రంధ్రం చుట్టూ పెయింట్ గీకకుండా బిగిస్తే కొత్త స్విచ్ కూడా పనిచేయదు. గీకిన చోట తుప్పు పట్టకుండా, బిగించాక గ్రీజు రాయాలి. వాన నీళ్లు పారే గాడిలో అసలు పెట్టకూడదు.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఎత్తు దగ్గరే. స్విచ్ పెట్టబోయే చోట మెత్తటి క్లే ముద్ద ఉంచి బానెట్ మూసి తెరవండి. అణిగిన ముద్ద మందమే అక్కడున్న ఖాళీ. మూసినప్పుడు ప్లంజర్ కనీసం 6 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే తక్కువైతే పక్కనుంచి లారీ వెళ్లిన అదురుకే అర్ధరాత్రి సైరన్ మోగుతుంది. మరీ పొడవైతే అడుగుదాకా నొక్కుకుపోయి స్విచ్ పగులుతుంది, లేదా బానెట్ రేకు సొట్టపడుతుంది. ప్లాస్టిక్ కొసను కొంచెం కొంచెంగా కోసి చూసుకోవాలి. బానెట్ రబ్బరు బుష్‌లు అరిగినా, వదులైనా ఈ కొలత మారిపోతుంది. అవి ముందే సరిచేసుకోండి.

పరీక్ష తేలికే. వైరు ఊడదీసి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ స్విచ్ టెర్మినల్‌కి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి తాకించండి. ప్లంజర్ వదిలితే దాదాపు సున్నా, నొక్కితే ఓపెన్ (కనెక్షన్ లేనట్టు) చూపించాలి. వదిలినప్పుడు పదుల ఓమ్‌లు చూపిస్తే ఎర్త్ దగ్గరో కాంటాక్టు మీదో తుప్పు ఉన్నట్టే.

కంపెనీ నుంచే బానెట్ సెన్సర్ ఉన్న కార్ల సంగతి వేరు. చాలావాటిలో స్విచ్ బానెట్ లాక్‌లోనే ఉండి బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి (లైట్లు, లాకుల్లాంటివి నడిపే కారు కంప్యూటర్‌కి) సమాచారమిస్తుంది. అది పాడైతే మూసిన బానెట్‌నే తెరిచి ఉందని డ్యాష్‌బోర్డు చూపిస్తుంది, రిమోట్ స్టార్ట్, స్టార్ట్-స్టాప్ (కారు ఆగినప్పుడు ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ కావడం) ఆగిపోతాయి. కొన్నిటిలో, వైరు తెగిందో బానెట్ తెరిచారో మాడ్యూల్ గుర్తుపట్టడానికి స్విచ్ లోపల రెసిస్టర్లు ఉంటాయి. ఆ స్థానంలో ఈ పిన్ స్విచ్ కలిపితే రీడింగ్ తప్పి ఎర్రర్ కోడ్ పడుతుంది. స్విచ్ ప్లగ్‌లో రెండు వైర్లు షార్ట్ చేసి వదిలేయడం ఇంకా ప్రమాదం: తెరిచిన బానెట్‌ని మాడ్యూల్ మూసి ఉందనుకుంటే, బానెట్ కింద చేతులుండగానే ఇంజిన్ స్టార్ట్ కావచ్చు. లాక్‌లో దుమ్ము, పాత గ్రీజు శుభ్రం చేసినా రీడింగ్ మారకపోతే ఆ మోడల్‌కి సరిపోయే లాక్ అసెంబ్లీయే వేయించండి.

విడిగా బిగించిన అలారానికైతే మాత్రం ఈ పిన్ స్విచ్‌ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు.