గల్ఫ్‌లో మనవాళ్ళున్న ఇళ్ళకి: "స్పెషల్ ఫ్లైట్‌లో సీటు ఇప్పిస్తాం" అంటే అడ్వాన్స్ కట్టకండి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం సైడ్ మనవాళ్ళందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, అయినా చివరిదాకా చదవండి.

2025 జూన్‌లో ఇరాన్ గొడవప్పుడు ఖతార్ వాళ్ళు కొన్ని గంటలు ఆకాశం మూసేసి ఫ్లైట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి కదా, ఆ మర్నాడే మా చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, స్పెషల్ ఫ్లైట్ సీట్లున్నాయి, ఇవాళే అడ్వాన్స్ వెయ్యండి అని. కింద ఉన్న నంబర్ చూసి నాకు చేతులు వణికాయి. 2020లో మా అమ్మ దగ్గర డబ్బులు తీసుకున్న మనిషి నంబరే అది, ఆఫీసు పేరు మాత్రం మారిపోయింది.

మా తమ్ముడు అబుదాబిలో పైప్ ఫిట్టర్, ముసఫ్ఫా క్యాంపులో ఉండేవాడు. కాంట్రాక్ట్ అయిపోయి 2020 మార్చి 28కి టికెట్. ఇక్కడి ఏజెంట్ దగ్గరే 17,500 కట్టి తీశాం. కరోనా వల్ల మార్చి 22 నుంచి మన దేశం ఇంటర్నేషనల్ ఫ్లైట్లు ఆపేసింది, రెండు మూడు రోజుల్లో అటు వాళ్ళూ ఆపేశారు. జీతం లేదు, వీసా క్యాన్సిల్ అయింది, రూములో పది మంది, అందులో ఇద్దరికి జ్వరం. ఫోన్ చేస్తే ఏమీ చెప్పేవాడు కాదు, తిన్నావా అంటే తిన్నా అనేవాడు, అంతే.

బయట ఇరుక్కున్నవాళ్ళని తీసుకురావడానికి మన ప్రభుత్వం వేసిన వందే భారత్ ఫ్లైట్లు మే 7న మొదలయ్యాయి. మొదటి రోజు రెండూ కేరళకే, అబుదాబి నుంచి కొచ్చి, దుబాయ్ నుంచి కోజికోడ్. మనకి ఎప్పుడో అని ఎదురు చూస్తుంటే ఈ ఏజెంట్ తనే ఇంటికొచ్చాడు. ఇక్కడ బ్యాంకుకెళ్ళినా ఆఫీసుకెళ్ళినా ఒడియాలోనే మాట్లాడాలి, మా అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. వాడు శుభ్రంగా మన తెలుగులో "పిన్నీ, తమ్ముడు నాకు మాత్రం తమ్ముడు కాదా" అని కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, ఎంబసీలో మనవాళ్ళున్నారు, లిస్టులో పేరు ముందుకి జరిపిస్తా, 48,000 అవుతుంది అన్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చింది. నేను బిల్లు అడిగితే అమ్మే నన్ను ఆపింది, మనవాడే కదా ఏటి అడుగుతావ్ అని. ఒక తెల్ల కాగితం మీద "48,000 ముట్టింది" అని రాసి ఇచ్చాడు, సంతకం కూడా సరిగ్గా లేదు.

తర్వాత తెలిసింది ఏంటంటే ఎంబసీలో పేరు నమోదు చేసుకోవడానికి ఒక్క రూపాయి కూడా అవసరం లేదు. ఆన్‌లైన్‌లో ఫారం నింపితే చాలు, అప్పట్లో అదే పద్ధతి. గర్భిణులు, పెద్దవాళ్ళు, జబ్బు మనుషులు, ఉద్యోగం పోయినవాళ్ళు, వీళ్ళని ముందు చూసుకుని ఎంబసీ వాళ్ళే ఫోన్ చేసేవారు, టికెట్ డబ్బు మనం నేరుగా ఎయిర్‌లైన్‌కే కట్టాల్సి ఉండేది. మధ్యలో ఎవడికీ పని లేదు.

వారానికి వాట్సాప్‌లో టికెట్ పీడీఎఫ్ పంపాడు. పేరు, పాస్‌పోర్ట్ నంబర్, సీటు నంబర్ అన్నీ ఉన్నాయి. తమ్ముడు ఉన్న నాలుగు బట్టలు సర్దుకుని, క్యాంపులో అప్పు చేసి టాక్సీ కట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్తే కౌంటర్‌లో ఈ పీఎన్ఆర్ మా దగ్గర లేనే లేదు అన్నారు. ఆ రాత్రి బయట ఫుట్‌పాత్ మీదే పడుకున్నాడు. పొద్దున ఫోన్ చేసి "అక్కా, అమ్మకి చెప్పకు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఏజెంట్ ఫోన్ స్విచాఫ్. చివరికి తమ్ముడే స్వయంగా ఎంబసీ ఫారం నింపుకున్నాడు, జూన్ ఆఖరుకి పిలుపు వచ్చింది, సుమారు 15 వేలు కట్టి హైదరాబాద్ దిగాడు. అక్కడ వారం రోజులు సొంత ఖర్చుతో క్వారంటైన్, తర్వాత కారు మాట్లాడుకుని వస్తే ఇచ్ఛాపురం దాటాక ఒడిశా బోర్డర్‌లో గిరిసోల చెక్‌గేట్ దగ్గర మళ్ళీ ఆపి, పేరు రాసుకుని, ఇంకో క్వారంటైన్‌కి పంపారు. ఇల్లు గంట దూరంలో కూడా లేదు.

ఇక మొదటి 17,500 సంగతి. ఎయిర్‌లైన్ వాళ్ళకి ఫోన్ చేస్తే రీఫండ్ ఎప్పుడో ఇచ్చేశాం, బుక్ చేసిన ఏజెంట్ ఖాతాకే వెళ్ళింది అన్నారు. ఏజెంట్‌కి వచ్చిన రీఫండ్ ప్రయాణికుడికి వెంటనే ఇచ్చెయ్యాలని 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అయినా మాకు పైసా రాలేదు.

అందుకే చెప్తున్నా, టికెట్ చేతికి రాగానే పీఎన్ఆర్, ఇంటిపేరు వేసి ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో చూడండి, అక్కడ కనిపించకపోతే అది వట్టి కాగితమే. సొంత ఫోన్ పే నంబర్‌కి వెయ్యమంటే వెయ్యకండి, కంపెనీ పేరుతో బిల్లు ఇవ్వమనండి. కొత్తగా పని కోసం వెళ్ళేవాళ్ళు ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ వాళ్ళ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోండి, వాళ్ళ సర్వీస్ ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ, అంతకి మించి తీసుకోకూడదు. అక్కడ ఇరుక్కున్నవాళ్ళ తరఫున ఇక్కడి నుంచి మనమే విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు వేసేసి మోసపోయామని తెలిస్తే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, లేటయ్యేకొద్దీ డబ్బు దొరకడం కష్టం.

ఆఫీసు పేరు ఇక్కడ రాయట్లేదు, పోలీసులకి కంప్లైంట్ ఇచ్చాం, అది నడుస్తోంది. 2020లో మీలో ఎవరైనా ఇలాగే కట్టి ఉంటే చీటీ గానీ, పాత వాట్సాప్ మెసేజ్ గానీ, బ్యాంక్ ఎంట్రీ గానీ పారెయ్యకండి, నాకు మెసేజ్ చెయ్యండి. మా కాగితాలతో పాటు మీవీ పట్టుకుని అందరం కలిసి స్టేషన్‌కి వెళ్దాం.