జాగ్రత్త: సీలింగ్‌కు అతికించిన ఫోమ్ శబ్దాన్ని ఆపదు, తనూ ఆగదు

నిజాంపేటలో మాది రెండంతస్తుల ఇల్లు. పైన 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున్న గదిని హోమ్ థియేటర్ చేసుకున్నాం. సరిగ్గా దాని కిందే అమ్మానాన్నల పడక గది. తెర మీద ఏనుగు అడుగు వేస్తే కింద నాన్న లేచి కూర్చుంటారు. "సీలింగంతా మా ప్యానెళ్లు వేయించండి సార్, చీమ చిటుక్కుమన్నా బయటికి వినిపించదు" అన్నాడు అమ్మినతను. నమ్మాను. 25 మిల్లీమీటర్ల మందమున్న నల్లటి ఫోమ్ పలకలు 48, కూలితో కలిపి 41 వేల రూపాయలు.

మే నెలలో ఒక ఉదయం తలుపు తీస్తే 11 పలకలు నేల మీద పడి ఉన్నాయి. ఇంకొకటి ప్రొజెక్టర్ మీదికి ఒక మూలతో వేలాడుతోంది. ఒకదాన్ని తిరగేసి చూశాను. జిగురు గట్టిగానే ఉంది. పెనం మీది నుంచి అట్టు లేచినట్టు సీలింగ్ పుట్టీయే దానితోపాటు పొరగా ఊడివచ్చింది. పైన ఎండకు కాలే స్లాబ్, కింద పొడిబారిన పుట్టీ, దానికి జిగురు. అంటించే ముందు ఒక్కసారి గోరుతో గీకి చూసినా తెలిసేది. అడిగితే "మీ పుట్టీ నాసిరకం" అన్నాడు. బిల్లు చూద్దామంటే ఉన్నది పెన్సిల్‌తో లెక్క రాసిన తెల్ల కాగితం!

సరే, శబ్దమైనా తగ్గిందా? లేదు. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది, అంతే. బయటికి పోయే శబ్దాన్ని ఆపాలంటే బరువైన పొర కావాలి, సందులు మూయాలి. పైగా ఇంత పలుచటి ఫోమ్ పనిచేసేది సన్నటి, కీచు శబ్దాల మీదే. 50 హెర్ట్జ్ బేస్, అంటే లోతైన గుబగుబ శబ్దం, దాని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు; దానికి ఈ అంగుళం మందం ఒక లెక్కా? మాటల్లోని స్పష్టత పోయింది, గుబగుబ మాత్రం మిగిలింది. అసలు కింది గదికి శబ్దం పోయేది నేల గుండా. నేను డబ్బు పోసింది పైకప్పు మీద. ఈ తెలివికి ఎవరినీ తిట్టలేను.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. అనుమానం వచ్చి, డాబా మీద బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుని ఒక చిన్న ముక్కకు లైటర్ చూపించాను. క్షణాల్లో అంటుకుంది. మండుతున్న చుక్కలు సిమెంటు మీద రాలాయి, నల్లటి పొగ. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో శబ్దం కోసం అతికించిన ఇలాంటి ఫోమ్‌కే బాణసంచా నిప్పు అంటుకుని 100 మంది చనిపోయారు. దాన్ని నేను పిల్లల తలల మీద, సీలింగ్ లైట్ల వైర్ల పక్కన అంటించుకున్నాను.

అన్నీ పీకించేశాను. ఇప్పుడున్నవి నాలుగే: 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్‌కు (రాతిని కరిగించి తీసిన ఉన్నిలాంటి పీచు) గుడ్డ చుట్టిన ఫ్రేములు. స్లాబ్‌లోకి యాంకర్ బోల్టులు దింపి, పైన కాస్త ఖాళీ వదిలి బిగించారు. సోఫాలో కూర్చుని, సీలింగ్ వెంట అద్దం జరిపిస్తే ఎక్కడ స్పీకర్ కనిపిస్తుందో అక్కడ పెడితే చాలు. మీరు కొనేటట్లయితే నిప్పు ఎంత త్వరగా అంటుకుంటుందో పరీక్షించిన నివేదిక, జీఎస్టీ బిల్లు చేతికి వచ్చాకే డబ్బివ్వండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఆ సంగతి తెలిశాక, పడకుండా మిగిలిన 37 పలకలను సగం ధరకు వెనక్కి తీసుకుంటానని అతను కబురు పంపాడు. వాటిని ఇంకెవరింటి సీలింగ్‌కు అంటిస్తాడోనని ఇవ్వలేదు.