పొలం కుక్కకు పాము గండం: శిక్షణ మేలా, టీకా మేలా, కంచె మేలా?

కుక్క పామును మనలా కంటితో కనిపెట్టదు. ముందు ముక్కు పెడుతుంది, తర్వాత పంజా వేస్తుంది. అందుకే కాట్లు ఎక్కువగా మూతి మీద, ముందు కాళ్ల మీదే పడతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కుక్కలకు తొడిగే దళసరి కవచాల సంగతి తేలిపోతుంది. అవి ఛాతీని, పొట్టను కప్పి మూతిని వదిలేస్తాయి. పైగా ఎండలో పరిగెత్తే కుక్కకు ఒకటే ఉక్క. వాటిని నేను లెక్కలోకే తీసుకోను. మిగిలేవి మూడు: పాము తగిలితే తప్పుకునేలా నేర్పడం, టీకా వేయించడం, కుక్క పడుకునే చోటికి పాము రాకుండా చూసుకోవడం.

వాదాలన్నీ శిక్షణ దగ్గరే. పాత పద్ధతి షాక్ కాలర్, అంటే బటన్ నొక్కితే కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీ. బోనులో ఉన్న పాము దగ్గరికి కుక్కను తీసుకెళ్లి, అది వాసన పట్టిన క్షణంలో బటన్ నొక్కుతారు. ఆ క్షణం సరిగ్గా కుదిరితే ఒకటి రెండు సార్లకే చాలా కుక్కలు పాము వాసన వస్తే దూరం జరుగుతాయి. కుదరకపోతేనే తంటా. తనకు నొప్పి పెట్టింది పాము కాదు, పక్కనున్న గొర్రె అనో, గొలుసు పట్టుకున్న యజమాని అనో కుక్క అనుకోవచ్చు. గొర్రెను చూసి జంకే మందకుక్కతో మనకేం పని? వేల్స్‌లో అయితే ఇలాంటి కాలర్లను 2010లోనే నిషేధించారు.

రెండో పద్ధతిలో షాక్ ఉండదు. పాము వాసన తగలగానే తిరిగి మన దగ్గరికి పరిగెత్తుకొస్తే తిండి ముక్క దొరుకుతుందని కుక్కకు అలవాటు చేస్తారు. దీనికి నెలలు పడుతుంది, ఓపిక కావాలి. కానీ ఇందులో ఒక లాభం ఉంది: కుక్క తప్పుకోవడంతో ఆగదు, అక్కడేదో ఉందని మనకూ తెలిసిపోతుంది.

మా మందకుక్కకు అలా నేర్పాక ఒక సాయంత్రం అది గడ్డివాము మొదట్లో ఆగిపోయింది. తోక బిగిసింది, చెవులు ముందుకు వచ్చాయి, ముందు కాలు ఒకటి గాల్లోనే ఉండిపోయింది. ‘వదిలేయ్, రా’ అన్నాను. ఒకసారి నా వైపు చూసి, మళ్లీ గడ్డి వైపు చూసింది. ఆ రెండో చూపుకి నా గుండె జారింది. వచ్చేసింది. అది వెనక్కి తిరిగాక గానీ నాకు వినిపించలేదు, కుక్కర్ ఆవిరి వదిలినట్టు రక్తపింజర బుస.

కాబట్టి మందను తోలే కుక్కకు రెండో పద్ధతే మేలంటాను. అది ఎలాగూ మన కేక మీద నడిచే జీవి. కనుచూపు దాటి ఒంటరిగా తిరిగే వేటకుక్కకు మన కేక అందదు. షాక్ పద్ధతికి ఏదైనా సమర్థన ఉంటే అక్కడే, అదీ చేయి తిరిగిన మనిషి నేర్పితేనే. కాపలా కుక్క సంగతి వేరు. ఎదురు నిలవడమే దాని ఉద్యోగం, దానికి తప్పుకోవడం నేర్పడం ఏటికి ఎదురీదడమే. ఏ పద్ధతైనా ప్లాస్టిక్ పాముతో, కుబుసంతో సరిపెట్టకూడదు. బతికున్న పాము వాసన వేరు, కదలిక వేరు. నేర్పిన చోటే కాక కొత్త చోటా పరీక్షించాలి, ఏడాదికోసారి మళ్లీ గుర్తు చేయాలి.

టీకా గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కుక్కల కోసం అమెరికాలో ఒక టీకా తయారు చేశారు. అది వెస్టర్న్ డైమండ్‌బ్యాక్ అనే గిలకపాము (రాటిల్‌స్నేక్) విషాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, దాని మీద ఈ టీకాకు పట్టు లేదు. గిలకపాములున్న చోట కూడా అది ఎంతవరకు కాపాడుతుందో గట్టి రుజువుల్లేవు. వేయించినా, కాటు పడితే ఆసుపత్రికి పరుగు తప్పదు.

కంచె కాపలా కుక్కకు బాగా పనికొస్తుంది. పొలమంతా వేయలేం, పడుకునే చోటు చుట్టూ వేస్తే చాలు. పావు అంగుళం కన్నుల వల, మూడడుగుల ఎత్తు, అడుగున ఆరంగుళాలు మట్టిలోకి, పైభాగం బయటికి సుమారు 30 డిగ్రీల వాలు. ఇంతా చేసి తలుపు కింద వేలెడు సందు వదిలేస్తారు చాలామంది! కంచెకన్నా ముందు గిన్నె చూడండి. రాత్రి కుక్క మిగిల్చిన తిండికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. కట్టెల మోపు, రాళ్ల కుప్ప, పెరిగిన తుప్పలు కూడా అంతే. నాఫ్తలీన్ ఉండలు, కార్బాలిక్ యాసిడ్ చల్లడం మాత్రం మానేయండి. వాటిని నమ్ముకుంటే పాము ఆగదు, నాకితే కుక్క ప్రాణానికే ముప్పు.

నన్నడిగితే, ముందు పడుకునే చోటు శుభ్రం, ఆ వెంటనే ‘వదిలేయ్, రా’ అన్న మాటకు కుక్క తిరగడం. ఈ రెండూ లేకుండా మిగతా వాటికి ఖర్చు పెట్టడం దండగ.

అయినా కాటు పడవచ్చు. విరుగుడు మందు ఏ పశువైద్యుడి దగ్గర ఉంటుందో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. కుక్క చిన్నదని మోతాదు తగ్గదు, ఎక్కిన విషాన్ని బట్టే మందు. గాయాన్ని కోయొద్దు, పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకెళ్లండి. పాము కోసం వెతకొద్దు, తెగిన తల కూడా కరుస్తుంది. పింజర కాటుకు వాపు తెలుస్తుంది గానీ కట్లపాము కాటుకు పెద్దగా వాపే కనిపించకపోవచ్చు. ఆస్ట్రేలియాలో బ్రౌన్ స్నేక్ అనే విషప్పాము కాటేసిన కుక్క ఒక్కసారిగా కుప్పకూలి, కాసేపటికి లేచి మామూలుగా తిరగడం పశువైద్యులకు బాగా తెలిసిన లక్షణం. తేరుకుందిలే అని ఊరుకుంటే ఆ తర్వాత కాళ్లు పడిపోతాయి. లేచి తోకాడించినా బండెక్కించాల్సిందే.