పాలికార్బనేట్ బాడీకి రంగు: విశాఖ ఉక్కపోతలో ఏది నిలుస్తుంది

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. 1/10 స్కేలు ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) కార్ల పారదర్శక బాడీలకు విశాఖలో ఏళ్ల తరబడి మూడు రకాల రంగులు వాడాక, నా లెక్కలో మొదటి స్థానం పాలికార్బనేట్ కోసమే చేసిన టమియా కంపెనీ పీఎస్ స్ప్రేలది. రెండో స్థానం ఎయిర్ బ్రష్‌తో కొట్టే, నీళ్లలో కలిసే లెక్సాన్ (పాలికార్బనేట్‌కే ఇంకో పేరు) రంగులది. ఆటోనగర్‌లో బైకు ట్యాంకులకూ బంపర్లకూ కొట్టే మామూలు స్ప్రే డబ్బాలకు మార్కులు వెయ్యను. అయితే మొదటి రెండింటిలో ఏది కొన్నా, సముద్రం పక్కనున్న ఈ ఊళ్లో సగం ఫలితం రంగులో ఉండదు, గాలిలో ఉంటుంది. బయటి ఊళ్ల వాళ్లు చెప్పే పద్ధతులు ఇక్కడ యథాతథంగా పనిచెయ్యకపోవడానికి కారణం అదే.

ఆటో స్ప్రే ఎందుకు పనికిరాదో రెండు మాటలు. పాలికార్బనేట్ షెల్ మందం సాధారణంగా 0.75 నుంచి 1 మిల్లీమీటరు. గోడకు తగిలితే లోపలికి నొక్కుకుపోయి వెంటనే మళ్లీ ఉబుకుతుంది. దానితోపాటు రంగు పొర కూడా వంగాలి. ఆటో రంగు గట్టి ఉపరితలం కోసం చేసింది, ఆరాక పెళుసుగా ఉంటుంది. ఆరిన రోజు అద్దంలా మెరుస్తుంది, మొదటి గట్టి దెబ్బకే లోపలి నుంచి రేకులు రేకులుగా రాలిపోతుంది. దాన్ని పల్చన చేసే థిన్నర్ ఇంకా ప్రమాదం. అది పాలికార్బనేట్‌ను తిని, కంటికి సరిగా కనపడని సన్న పగుళ్లు పెడుతుంది. పాత రంగు వదిలించడానికి అసిటోన్ వాడినా అంతే, ప్లాస్టిక్ తెల్లబడి పెళుసైపోతుంది. పీఎస్ రంగులోని ద్రావకం మాత్రం ప్లాస్టిక్ పైపొరను కొద్దిగా మెత్తబరిచి అందులో పట్టుకుంటుంది, ఆరాక పొర వంగుతుంది. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. టమియాలోనే టీఎస్ అని ఇంకో వరుస ఉంది, డబ్బా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. అది గట్టి ప్లాస్టిక్ మోడళ్లకు. టీఎస్‌ను లెక్సాన్ మీద కొట్టినా, పీఎస్‌ను గట్టి ప్లాస్టిక్ బాడీ మీద కొట్టినా డబ్బులు దండగ.

ఇక తేమ సంగతి. స్ప్రే చేసిన రంగులోని ద్రావకం ఆవిరైపోతూ ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అక్కడ నీటి ఆవిరి సన్నటి చుక్కలుగా దిగుతుంది, రంగు పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. గట్టి ప్లాస్టిక్ మోడల్‌కైతే పైన ఇంకో పొర కొట్టి దాచెయ్యొచ్చు. మన బాడీకి రంగు లోపలి నుంచి వేస్తాం కాబట్టి బయటికి కనిపించేది మొట్టమొదటి పొరే. అది తెల్లబడితే వెనక ఎన్ని పొరలు కొట్టినా లాభం లేదు.

లెక్క చూడండి. గాలి వేడి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారే వేడి, సుమారు 25 డిగ్రీలు. అంటే బాడీ 5 డిగ్రీలు చల్లబడితే చాలు, నీరు పడుతుంది. అదే డిసెంబరు, జనవరి మధ్యాహ్నాల్లో 28 డిగ్రీలు, 60 శాతం దొరికితే డ్యూ పాయింట్ 20 లోపే. 8 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది, నిశ్చింతగా కొట్టుకోవచ్చు. గోడకు తగిలించే చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొనండి. ఈ పనికి కొనే సామానులో రంగు తర్వాత ముఖ్యమైంది అదే. 65 శాతం లోపు ఉంటే ఏ రంగైనా కొడతాను. 65, 75 మధ్య తెలుపు, పసుపు లాంటివి కొడతాను, నలుపూ మెటాలిక్‌లూ ముట్టుకోను. తెల్లబడటం ముదురు రంగుల్లోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 75 దాటితే ఆ రోజు కత్తెర పనో, మాస్కింగ్ (రంగు పడకూడని చోట కప్పే) పనో చూసుకోవడమే.

ఏసీ గది ఇక్కడ చాలామందిని ముంచుతుంది. బాడీని 24 డిగ్రీల గదిలో ఆరబెట్టి, రంగు కొట్టడానికి నేరుగా బాల్కనీలోకి తెస్తారు. బయట డ్యూ పాయింట్ 25 అయితే, ఆ చల్లటి ప్లాస్టిక్ మీద స్ప్రే నొక్కకముందే కంటికి కనపడని తడి పట్టేస్తుంది. బయటికి తెచ్చాక ఓ అరగంట అలా వదిలెయ్యండి. తిరుగు ప్రయాణంలో ఈ బాధ లేదు. కొట్టి, వాసన తగ్గాక ఏసీ గదిలో పెడితే తేమ తక్కువగా ఉండి చక్కగా ఆరుతుంది. ఏసీ గదిలోనే తలుపులు మూసి స్ప్రే చెయ్యడం మాత్రం వద్దు. ఆ ఆవిరి మండుతుంది, ఊపిరితిత్తులకూ మంచిది కాదు. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి.

బీచ్ రోడ్డు వైపు ఇళ్లకు ఇంకో తంటా ఉప్పుగాలి. కడిగిన బాడీని రాత్రంతా కిటికీ దగ్గర వదిలితే పొద్దుటికి దాని మీద సన్నటి జిగటపొర ఉంటుంది. అందుకని కడగడం ముందు రోజు కాదు, రంగు కొట్టే రోజే. వన్‌టౌన్, పోర్టు వైపు వాళ్లకు నల్లదుమ్ము. పెర్ల్ వైట్ కొట్టాలనుకుంటే అటువైపు కిటికీ మూసెయ్యండి, ఒక్క రేణువు పడినా చుక్కలా కనిపిస్తుంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి స్పాంజి చాలు. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు లోపలి మూలల్లో, బానెట్ గాడుల్లో దాక్కుంటుంది. అక్కడ పాత టూత్‌బ్రష్ వాడొచ్చు, గట్టిగా రుద్దకండి. బోరు నీళ్లతో కడిగితే చుక్కలు ఆరి మరకలవుతాయి. ఆఖరిసారి ఫిల్టరు నీళ్లతో కడిగి, తుడవకుండా తలకిందులుగా ఆరబెట్టండి. టవలుతో తుడిస్తే నూలు పీచు అంటుకుంటుంది, పైగా ప్లాస్టిక్‌కు స్టాటిక్ ఎక్కి గదిలోని దుమ్మంతా లాక్కుంటుంది. ఇక అక్కడి నుంచి లోపలి వైపు వేలు తగలకూడదు.

రంగు పడ్డాక షాసీ కనపడదు. కాబట్టి బాడీ పోస్టుల (షాసీ మీద బాడీని నిలబెట్టే కడ్డీల) చోటూ, చక్రాల వంపులూ ముందే గుర్తు పెట్టుకోవాలి. బాడీని షాసీ మీద పెట్టి, బయటి రక్షణ ఫిల్మ్ మీద మార్కరుతో గీస్తే సరి. ఆ ఫిల్మ్‌ను చివరిదాకా పీకొద్దు.

మాస్కింగ్‌లో మార్కెట్ కాగితం టేపు మీద ఆశ పెట్టుకోవద్దు. గోడలకు వేసే టేపు అంచు కింద నుంచి పీఎస్ రంగు పాకిపోతుంది. మోడళ్లకు చేసిన సన్న టేపు అంచుకు వాడి, దాని వెనక వెడల్పుగా మామూలు టేపు వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. కిటికీలకు కిట్‌తో వచ్చే వినైల్ ముక్కలు సరిపోతాయి. అంచుల్ని ఇయర్ బడ్‌తో చుట్టూ నొక్కాలి. వంపు తిరిగిన చోట వినైల్ మడత పడితే అక్కడ చిన్న గాటు పెట్టి ఒకదాని మీద ఒకటి వాల్చండి. మంటల డిజైన్ లాంటివి కావాలంటే లిక్విడ్ మాస్క్, అంటే పూసి ఆరాక తొక్కలా ఒలిచే ద్రవం. 3 లేదా 4 పొరలు పుయ్యాలి, పల్చగా పూస్తే తీసేటప్పుడు తునకలవుతుంది. ఈ ఉక్కలో అది ఆరడానికి రాత్రంతా పడుతుంది, తెల్లగా ఉన్నచోట ఇంకా పచ్చిగా ఉన్నట్టే. కొత్త బ్లేడుతో, దాని బరువు మాత్రమే ఆనించి కొయ్యండి. బలం పెడితే ప్లాస్టిక్ మీద గాటు పడుతుంది, తర్వాత పగులు సరిగ్గా ఆ గీత వెంబడే వస్తుంది.

రంగుల వరస కొత్తవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. అద్దం వెనక నుంచి బొమ్మ వేసినట్టే, ముందు కనిపించాల్సింది ముందు వెయ్యాలి: సన్న గీతలు, నల్ల అంచులు, తర్వాత డిజైన్, చివరికి పెద్ద రంగు. ముదురు ముందు, లేత తర్వాత. లేత రంగు వెనక ముదురు పడితే దాని నీడ ముందుకు తెలుస్తుంది. ముదురు వెనక లేత పడితే ఏమీ కాదు.

వెనక పొర మీద పిసినారితనం చేసే వాళ్లే ఎక్కువ, బాడీలు వెలవెలబోయేది అక్కడే. పీఎస్-27 ఫ్లోరసెంట్ పసుపు, పీఎస్-24 ఫ్లోరసెంట్ ఆరెంజ్ లాంటివి దాదాపు పారదర్శకంగా ఉంటాయి. వాటి వెనక పీఎస్-1 తెలుపు తప్పనిసరి. తెలుపు లేకుండా నలుపు కొడితే ఫ్లోరసెంట్ పసుపు బురద పచ్చగా మారుతుంది. పీఎస్-37, పీఎస్-38 లాంటి ట్రాన్స్‌లూసెంట్ (వెలుతురు దూరే) ఎరుపు, నీలాల వెనక పీఎస్-12 వెండి రంగు వేస్తే లోతు వస్తుంది. పెర్ల్ మెరుపు కావాలంటే పీఎస్-58 పెర్ల్ క్లియర్ ముందు కొట్టి, దాని వెనక రంగు వెయ్యాలి. మెటాలిక్‌ల వెనక నలుపు వేసినా పరవాలేదు. మామూలు పీఎస్-2 ఎరుపు, పీఎస్-6 పసుపు వెనక కూడా తెలుపు ఒక పొర ఇస్తే ఎండలో చూసినప్పుడు చక్రాల నీడ లోపలి నుంచి కనపడదు. పీఎస్-31 స్మోక్ కిటికీల కోసం: అంతా అయ్యాక, వెనక పొర కూడా ఆరాక, కిటికీ మాస్కులు తీసి లోపలంతా ఒక్క పల్చటి పొర. రెండో పొర కొడితే లోపలి డ్రైవర్ బొమ్మ కనపడదు.

పీఎస్ డబ్బాలో 100 మిల్లీలీటర్లు ఉంటాయి. 190 మిల్లీమీటర్ల వెడల్పు టూరింగ్ కారు బాడీకి ప్రధాన రంగు ఒక డబ్బా, వెనక పొరకు ఇంకొకటి సరిపోతాయి. షార్ట్ కోర్స్ ట్రక్కు బాడీ పెద్దది, ఒకే రంగైతే ఆ రంగువే రెండు పెట్టుకోండి. డబ్బాను రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, బాడీ అంచు బయట నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు బయట వదలాలి. మొదటి పొర మంచు జల్లినట్టు పడాలి, ప్లాస్టిక్ ఇంకా కనపడుతూనే ఉండాలి. టేపు అంచుల్ని మూసేది ఆ పొరే. 15 నిమిషాలు ఆగి రెండోది, ఇలా 3 నుంచి 5 పల్చటి పొరలు. ఒక్కసారే తడిసేలా కొడితే రంగు పోయి బాడీ రెక్క మూలల్లో, బానెట్ గాడుల్లో చేరుతుంది. అక్కడ ద్రావకం ఎక్కువసేపు నిలబడి ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. చలి దేశాల వాళ్లు డబ్బాను వేణ్నీళ్లలో పెట్టమంటారు, మన ఎండాకాలానికి ఆ అవసరమే లేదు. స్కూటర్ డిక్కీలో పెట్టి ఎండలో వదలడం మాత్రం ప్రమాదం. అడుగంటిన డబ్బా ఒత్తిడి తగ్గి చుక్కలు ఉమ్ముతుంది. చివరి పావు భాగాన్ని వెనక పొరలకే వాడండి, మొదటి పొరకు ఎప్పుడూ వద్దు.

నీళ్లలో కలిసే రంగులకు నేను రెండో స్థానమే ఇచ్చినా, సన్న షేడింగ్ కావాలంటే వేరే దారి లేదు. వాసన తక్కువ, కడగడం తేలిక, ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు అనుకూలం. 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల నాజిల్, గాలి ఒత్తిడి 25 నుంచి 30 పీఎస్‌ఐ. కంప్రెసర్‌కు ట్యాంకు, తేమ పట్టే ట్రాప్ రెండూ ఉండాలి. వానాకాలంలో ఆ ట్రాప్ గాజు గిన్నెలో నీళ్లు చేరడం కళ్లారా కనిపిస్తుంది. వదిలేస్తే నాజిల్ నుంచి నీటిచుక్క నేరుగా రంగు మీద పడుతుంది. ప్రతి పొర తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడి మీద, ఓ అడుగు దూరం నుంచి ఆరబెట్టండి. ఈ రంగు ప్లాస్టిక్‌ను కొరకదు, పైన అంటుకుంటుందంతే. అందుకే బాడీ పోస్టుల రంధ్రాల చుట్టూ, టైరు తగిలే ఫెండర్ లోపలా ముందు లేచిపోతుంది. వెనక పీఎస్ పొర ఒకటి పల్చగా వేస్తే చాలాకాలం ఆగుతుంది. నైట్రో ఇంధనం పోసి నడిపే ఇంజను బండికైతే అది ఐచ్ఛికం కాదు, కారిన ఇంధనం ఉత్త నీటి రంగును మెత్తబరిచేస్తుంది.

ఒక రోజంతా ఆరాకే కత్తిరింపు, వానల్లో రెండు రోజులు. వంపులకు వంపు కత్తెర. తిన్నటి అంచులకు కత్తితో తేలిగ్గా గీత గీసి అటూ ఇటూ వంచితే శుభ్రంగా విడిపోతుంది. లోపలి మూలల దగ్గర ముందు చిన్న రంధ్రం పెట్టి అక్కడిదాకా కొయ్యండి, మొనదేలిన మూల అంటే పగులుకు పిలుపే. అంచులన్నీ 400 నంబరు గరుకు కాగితంతో ఒకసారి రుద్దాలి.

మెరుపు లేని మ్యాట్ కావాలంటే పీఎస్-55, ఇది ఒక్కటే బయట కొట్టేది. ఫిల్మ్ తీశాక కిటికీలు, లైట్లు కప్పి కొట్టాలి. చూడటానికి బాగుంటుంది కానీ గీతలు బాగా పడతాయి, ఎర్రమట్టిలో తిప్పే బండికి నేను సిఫారసు చెయ్యను.

పగులు వస్తే దాని కొసన 2 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి ఆపండి. లోపల జిప్సం బోర్డు అతుకులకు వాడే ఫైబర్ జాలీ టేపు, దాని మీద షూ గూ అనే, ఆరాక రబ్బరులా వంగే జిగురు. ఫాల్స్ సీలింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో ఆ జాలీ చుట్టగా దొరుకుతుంది. కొత్త బాడీకే ముందు బంపరు మూలలు, చక్రాల వంపులు, పోస్టుల రంధ్రాల చుట్టూ ఇలా అంటిస్తే బాడీ ఆయుష్షు బాగా పెరుగుతుంది, బరువు కొన్ని గ్రాములే. సూపర్ గ్లూ వద్దు. అతుకు పెళుసుగా ఉండి మళ్లీ అక్కడే విరుగుతుంది, దాని ఆవిరి చుట్టుపక్కల కిటికీని తెల్లగా మరక చేస్తుంది.

కొనుగోలు విషయానికొస్తే, స్ప్రే డబ్బాలను మామూలు సరుకులా విమానంలో పంపనివ్వరు. రోడ్డు మార్గంలో నెమ్మదిగా వస్తాయి. డిసెంబరు పొడి రోజుల్లో కొట్టాలనుకుంటే దీపావళి నాటికే తెప్పించి పెట్టుకోండి. తెలుపు, వెండి, నలుపు రెండేసి చొప్పున.