పాత మానసిక ఆసుపత్రి టూర్‌కి టికెట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఎప్పుడో మూతపడిన ఒక పాత మానసిక ఆసుపత్రిని చూడడానికి గత నెల అమ్మతో కలిసి వెళ్లాను. ఆన్‌లైన్‌లో ‘హెరిటేజ్ టూర్, రెండు గంటలు, నాలుగు అంతస్తులు’ అని ఉంటే నమ్మి టికెట్లు కొన్నాను. డబ్బు పోయిన బాధ కన్నా అక్కడ విన్న మాటల బాధే ఎక్కువగా ఉంది.

నేను వెళ్లింది చరిత్ర తెలుసుకుందామని. అమెరికాలో 19వ శతాబ్దంలో కట్టిన పెద్ద మానసిక ఆసుపత్రుల్లో చాలావాటికి థామస్ కర్క్‌బ్రైడ్ అనే డాక్టర్ ఆలోచనే ఆధారం. మధ్యలో ఆఫీసు భవనం, దానికి రెండు పక్కలా ఒకదాని కన్నా ఒకటి కాస్త వెనక్కి జరుగుతూ పోయే వార్డులు. ప్రతి వార్డుకూ గాలి, ఎండ తగలాలనే అలా కట్టించారు. ఒక ఆసుపత్రిలో 250 మందికి మించి ఉండకూడదని 1854లోనే ఆయన రాశారు. ఆ మాట ఎంతవరకు నిలిచిందో వెస్ట్ వర్జీనియాలోని వెస్టన్ ఆసుపత్రిని చూస్తే తెలుస్తుంది. 250 మంది కోసం కట్టిన చోట 1950లలో దాదాపు 2,400 మందిని ఉంచారు. (నేను వెళ్లింది అక్కడికి కాదు.) మంచి మనసుతో కట్టిన చోటు అలా ఎందుకు మారిపోయింది, లోపల ఉన్నవాళ్లు ఎలా బతికారు? ఇవి వినాలనే అంత దూరం వెళ్లాను.

గైడ్ చెప్పినవన్నీ దెయ్యం కథలే. లైట్లు ఆర్పేసి, ఎవరిచేతో ఇనుప తలుపు బాదించారు. “ఈ గదిలో ఒక పిచ్చిది ఉండేది” అంటూ ఆమెలా అరిచి చూపిస్తే జనం నవ్వారు. ఆమె ఏ సంవత్సరంలో వచ్చింది, జబ్బేమిటి అని అడిగాను. “అవన్నీ ఎవరికి తెలుసండీ” అన్నాడు. మా పిన్ని చాలా ఏళ్లుగా స్కిజోఫ్రెనియాకు మందులు వాడుతోంది. జబ్బు ముదిరిన రోజుల్లో పక్కనే ఉండి చూసుకున్నది అమ్మే. ఆ అరుపు విని అమ్మ నా చెయ్యి పట్టుకుని “పద, వెళ్లిపోదాం” అంది.

18వ శతాబ్దంలో లండన్‌లోని బెత్లెమ్ ఆసుపత్రికి జనం కాలక్షేపానికి వెళ్లి రోగులను చూసేవారు. 1770లో అలా ఎవరు పడితే వాళ్లు రావడాన్ని కట్టడి చేశారు. అంత పాత తప్పును ఇప్పుడు టికెట్ పెట్టి మళ్లీ అమ్ముతున్నారనిపించింది.

ఇక టికెట్ సంగతి. నాలుగు అంతస్తులన్నారు, చూపించింది ఒక్కటే. పైవాటిలో ఆస్బెస్టాస్, ఊడిపోతున్న సీసం రంగులు ఉన్నాయట, అందుకే మూసేశారట. పాత భవనాల్లో అవి నిజంగానే ప్రమాదం, మూయడం సబబే. కానీ ఆ మాట టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలి కదా. ఏం జరిగినా బాధ్యత మాదే, టూర్ వాళ్లది కాదు అని రాసి ఉన్న కాగితం గేటు దగ్గర చేతిలో పెట్టి, సంతకం చేస్తేనే లోపలికి రానిస్తామన్నారు. అప్పటికి టికెట్ డబ్బు వెనక్కి ఇచ్చే గడువు దాటిపోయింది. మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేక అమ్మ చాలా ఇబ్బంది పడింది.

మీరు వెళ్లేటట్టయితే ముందు ఫోన్ చేసి ‘ఇది చరిత్ర టూరా, దెయ్యాల టూరా’ అని సూటిగా అడగండి. రెండూ విడివిడిగా నడిపే చోట్లూ ఉన్నాయి, అక్కడైతే పగటి టూర్ తీసుకోండి. ఏ అంతస్తులు తెరిచి ఉన్నాయో, సంతకం చేయాల్సిన కాగితంలో ఏముందో ముందే మెయిల్‌లో తెప్పించుకోండి. మధ్యవర్తి సైట్లో మాత్రం కొనకండి. నేను అక్కడే కొన్నాను. రీఫండ్ అడిగితే వాళ్లు టూర్ వాళ్లను అడగమంటారు, టూర్ వాళ్లు సైట్ వాళ్లను అడగమంటారు. చివరికి టికెట్ పేజీ స్క్రీన్‌షాట్లు జోడించి కార్డు బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

వెనక పక్క రోగుల సమాధులున్నాయి. రాళ్ల మీద పేర్లు లేవు, నంబర్లే. టూర్‌లో అక్కడికి తీసుకెళ్లలేదు. అమ్మా నేనూ బయటికి వచ్చాక మేమే వెళ్లి కాసేపు నిలబడి వచ్చాం.