సింగపూర్ మెట్రోకు మన బ్యాంకు కార్డా, ఈజీ-లింక్ కార్డా?

మన వీసా లేదా మాస్టర్‌కార్డును గేటుకు ఆనించి నేరుగా లోపలికి వెళ్లవచ్చు. అయితే విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకూ 0.60 సింగపూర్ డాలర్ల రుసుముతో పాటు మన బ్యాంకు మార్కప్ (విదేశీ లావాదేవీపై వేసే అదనపు రుసుము) కూడా పడుతుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ లావాదేవీలను ఆన్ చేసుకోవాలి.

ముందే డబ్బు నింపుకుని మెట్రోలో, బస్సుల్లో వాడే అక్కడి ప్రయాణ కార్డు ఈజీ-లింక్‌కు 10 డాలర్లు చెల్లిస్తే, 5 డాలర్లు కార్డు ధరగా పోయి మిగిలినవే ప్రయాణానికి ఉంటాయి. ఎనిమిది రోజుల రుసుము కలిపినా 4.80 డాలర్లే కనుక, చిన్న యాత్రకు బ్యాంకు కార్డే నయమని నా అభిప్రాయం. కానీ ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు కాబట్టి, సొంత కార్డు లేని అమ్మానాన్నలకు ఈజీ-లింక్ తీసుకోక తప్పదు.

ఏ కార్డయినా, కండక్టరు టికెట్టుకు అలవాటుపడిన మనం బస్సు దిగేటప్పుడు మళ్లీ ఆనించడం మరిచిపోతే, చివరి స్టాపు వరకూ చార్జీ పడుతుంది.